చెరువును మింగిన పువ్వు, బీడును మింగిన పువ్వు

కొల్లేటిలో పడవదారి మూసే గుర్రపుడెక్కనూ, రోడ్డంచుల్నీ బీళ్లనూ కమ్మేసే వయ్యారిభామనూ మనం ఒకే గాటన కట్టి తిడతాం. నిజానికి వాటికి చుట్టరికమే లేదు. వయ్యారిభామది చామంతి కుటుంబం, పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. గుర్రపుడెక్క ఏకదళబీజ మొక్క, అమెజాన్ నీళ్లలో పుట్టింది.

గుర్రపుడెక్కను మనుషులే ముచ్చటపడి తెచ్చుకున్నారు. ఊదా రేకులు, పై రేకు మీద పసుపు మచ్చ. ఆ అందం చూసే 19వ శతాబ్దం చివర బెంగాల్ కొలనుల్లో పెంచారు. అక్కడి నుంచి నదుల్లో పడింది. వరద వచ్చినప్పుడల్లా తెప్పలుగా కొట్టుకొచ్చి వరిచేలను అణగదొక్కింది, పడవల్ని ఆపేసింది. 1936లో దీని కోసమే బెంగాల్‌లో చట్టం చేశారు. 1937 ఎన్నికల్లో పార్టీలు దీన్ని నిర్మూలిస్తామని మాటిచ్చాయి. ఒక పూలమొక్క ఎన్నికల హామీ అయిందంటే ఆ రైతులు ఎంత నష్టపోయి ఉంటారు!

వయ్యారిభామను ఎవరూ పిలవలేదంటారు. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ పథకం గోధుమలతో వచ్చిందన్నది అందరూ చెప్పుకునే కథ. ఆ గోధుమలు తెప్పించింది కాంగ్రెస్ ప్రభుత్వమని కాంగ్రెస్ గడ్డి అన్న పేరూ ప్రచారంలో ఉంది. అయితే అది పుణెలో కంటబడింది 1955లో, ఆ పథకం కింద అమెరికాతో మన ఒప్పందం కుదిరింది 1956 ఆగస్టులో. అంతకుముందూ అమెరికా గోధుమలు వచ్చిన మాట నిజమే. కానీ 1814లో అచ్చయిన కలకత్తా బొటానికల్ గార్డెన్ మొక్కల జాబితాలోనే దీని పేరుంది. ఆ జాబితా విలియం రాక్స్‌బర్గ్‌ది; మన సామర్లకోటలో తోట పెంచి, తర్వాత కలకత్తా వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడాయన. గోధుమలతో మరిన్ని విత్తనాలు దిగి ఉండవచ్చు. నేరమంతా ఆ ఓడల మీదే మోపడం మాత్రం అన్యాయం.

ఇక పెరిగే తీరు. వయ్యారిభామ బలమంతా గింజల్లోనే. చిన్న తెల్లపువ్వుగా కనిపించేది నిజానికి పూలగుత్తి. ఒక్కో గుత్తికి ఐదు గింజలే. కానీ ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. అందుకే పూతకు ముందే, చేతికి తొడుగులు వేసుకుని పీకాలి. దానిలోని పార్థెనిన్ అనే రసాయనం చర్మాన్ని పొక్కిస్తుంది. గుర్రపుడెక్కకు గింజలున్నా, అది ముఖ్యంగా పిలకలతో అల్లుకుంటుంది. రెండు మూడు వారాల్లో రెట్టింపవుతుంది. నరికి నీళ్లలోనే వదిలితే మళ్లీ మొలుస్తుంది. మొత్తం గట్టుకు లాగి ఎండబెట్టాల్సిందే.