వివాహ ఆస్తి ఒప్పందాలు (భారతదేశం)

పెళ్లికి ముందు గానీ, పెళ్లయ్యాక గానీ డబ్బు, నగలు, భూమి, మనోవర్తి గురించి దంపతులు లేదా వారి పెద్దలు చేసుకునే కట్టుబాట్లను వివాహ ఆస్తి ఒప్పందాలు అంటారు. పెళ్లికి ముందు రాసుకునేవాటికి పట్టణాల్లో ‘ప్రీనప్’ అనే పేరు వాడుకలో ఉంది. గోవా వంటి కొద్ది ప్రాంతాలను మినహాయిస్తే దేశంలో వీటికంటూ సమగ్రమైన చట్టం లేదు. అయినా ఇవి కొత్తవి కావు. స్త్రీధనం, మహర్, ఇల్లటం వంటి పాత ఏర్పాట్ల మీద కోర్టులు ఇచ్చిన తీర్పులే నేటి న్యాయానికి పునాది. భార్యకో అల్లుడికో ఆస్తిని సమకూర్చే ఒప్పందాలను కోర్టులు చాలావరకు నిలబెట్టాయి. పెళ్లికి వెల కట్టేవాటిని, కాపురానికి షరతులు పెట్టేవాటిని, మనోవర్తి హక్కును వదిలించేవాటిని కొట్టివేశాయి.

స్త్రీధనం

మనుస్మృతి స్త్రీధనాన్ని ఆరు రకాలుగా చెప్పింది: అగ్నిసాక్షిగా ఇచ్చినది, అత్తవారింటికి సాగనంపేటప్పుడు ఇచ్చినది, భర్త ప్రేమతో ఇచ్చినది, తల్లి, తండ్రి, అన్నదమ్ములు ఇచ్చినవి. కౌటిల్యుని అర్థశాస్త్రం దీన్ని జీవనానికి ఏర్పరిచే వృత్తి, ఒంటిమీది నగలు అని రెండుగా విడదీసింది. వృత్తికి 2,000 పణాల పరిమితి పెట్టి, నగలకు పరిమితి లేదంది. వారసత్వంగా, కొనుగోలు ద్వారా, పంపకంలో వచ్చిన ఆస్తి కూడా స్త్రీధనమేనని విజ్ఞానేశ్వరుని మితాక్షర చెప్పింది. 13వ శతాబ్దంలో కేతన ఈ గ్రంథాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’ పేరుతో తెలుగులోకి తెచ్చాడు. వారసత్వ ఆస్తి విషయంలో ఇంత విస్తృతమైన అర్థాన్ని, బ్రిటిష్ కాలంలో అంతిమ అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఆ ఆస్తి మీద స్త్రీకి సంపూర్ణ హక్కు 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తోనే వచ్చింది.

తెలుగునాట ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద భూమి ఇవ్వడం ఈ సంప్రదాయంలోనిదే. స్థిరాస్తిని దానంగా ఇస్తే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు పత్రం ఉండాలని 1882 ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. నోటిమాట మీద ఇచ్చిన భూముల వ్యాజ్యాలకు ఈ నిబంధనే కీలకం.

మహర్, పాన్‌దాన్ ఖర్చు

ముస్లిం వివాహంలో వరుడు వధువుకు చెల్లించవలసిన మహర్‌ను నికాహ్ సమయంలోనే ఖాయం చేస్తారు. అందులో అడిగినప్పుడు వెంటనే ఇవ్వవలసిన భాగం ఒకటి, విడాకులప్పుడో భర్త మరణించినప్పుడో ఇవ్వవలసిన భాగం ఒకటి ఉంటాయి. చెల్లించని మహర్ భర్త ఆస్తి మీద అప్పుగా నిలుస్తుంది.

దీనికి తోడు ఉత్తరాదిన సంపన్న కుటుంబాల్లో భార్య సొంత ఖర్చుకు ‘ఖర్చ్-ఎ-పాన్‌దాన్’ అనే భత్యం ఉండేది. వధూవరులు మైనర్లుగా ఉన్న ఒక వివాహంలో, కోడలికి నెలకు 500 రూపాయలు ఇస్తానని వరుడి తండ్రి 1877లో రాసిచ్చాడు. ఆమె తర్వాత భర్త ఇల్లు విడిచి వెళ్లింది. ఒప్పందం పెద్దల మధ్య జరిగిందే అయినా, అది ఆమె మేలు కోసం రాసినది కాబట్టి సొమ్ము అడిగే హక్కు ఆమెకు ఉందని 1910లో ప్రీవీ కౌన్సిల్ తీర్పునిచ్చింది. ఒప్పందంలో సంతకం లేని మూడో వ్యక్తికీ హక్కు దక్కవచ్చనడానికి న్యాయవిద్యార్థులు నేటికీ ఈ కేసునే చదువుతారు.

ఇల్లటం

బళ్లారి, కర్నూలు ప్రాంతాల రెడ్లలోను, మరికొన్ని వ్యవసాయ కులాల్లోను ఇల్లటం ఆచారం ఉండేది. కొడుకులు లేని మామ ఆస్తిలో వాటా ఇస్తానని మాట ఇచ్చి అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకునేవాడు. అల్లుడు సేద్యంలో, ఇంటి వ్యవహారాల్లో చేదోడుగా ఉండేవాడు. ఇది దత్తత కాదు. అతనికి పుట్టినింటి వారసత్వం పోదు. మామకు తర్వాత కొడుకు పుట్టినా అతనితో సమానంగా వాటా వస్తుంది. మద్రాసు హైకోర్టు 1881లో హనుమంతమ్మ కేసులో ఈ ఆచారాన్ని గుర్తించింది.

కోర్టులు కాదన్నవి

1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రజానీతికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. కన్యాశుల్కం ఒప్పందాలు దీనికే దొరికాయి. కూతుర్ని ఇచ్చినందుకు తండ్రికి డబ్బిస్తామనే ఒడంబడిక చెల్లదని కలవగుంట వెంకట కృష్ణయ్య కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది.

అత్తగారింట్లోనే శాశ్వతంగా ఉంటానని వరుడు పెళ్లికి ముందు రాసిచ్చిన కాగితాన్ని 1901లో కలకత్తా హైకోర్టు తోసిపుచ్చింది. ఇల్లటంలో తేలవలసింది ఆస్తి వాటా. ఇక్కడ ఆ కాగితం భర్త కాపురం ఎక్కడ పెట్టాలో శాసించింది. ఎప్పుడైనా వేరుగా ఉండే హక్కు భార్యకు ముందే ఇచ్చే ఒప్పందాన్ని మద్రాసు హైకోర్టు 1911లో ఇదే దృష్టితో నిరాకరించింది.

రిజిస్టరు చేసినంత మాత్రాన చాలదని కలకత్తాలో 1900లో వచ్చిన మరో తీర్పు చెప్పింది. దగ్గరి బంధువులు ప్రేమాభిమానాలతో రాసి రిజిస్టరు చేసిన వాగ్దానం ప్రతిఫలం లేకున్నా చెల్లుతుంది. అయితే ఆ కేసులో భర్త రాసిచ్చిన పత్రం నిండా తగాదాల ప్రస్తావనే ఉండడంతో, అందులో ప్రేమ లేదని భార్య దావాను కొట్టివేశారు.

గోవా పద్ధతి

పోర్చుగల్ 1867 సివిల్ కోడ్ 1870 నుంచి గోవాలో అమల్లోకి వచ్చింది. 1961లో గోవా భారత్‌లో కలిసిన తర్వాతా అది కొనసాగింది. వేరే ఏర్పాటు చేసుకోకపోతే పెళ్లికి ముందున్నవీ, తర్వాత వచ్చినవీ దంపతుల ఉమ్మడి ఆస్తి, చెరి సగం. ఇది వద్దనుకున్నవారు పెళ్లికి ముందే నోటరీ ఎదుట అధికారిక పత్రం రాసుకుని, ఆస్తులు పూర్తిగా విడిగా ఉంచుకోవచ్చు, లేదా పెళ్లి తర్వాత సంపాదించినవాటినే ఉమ్మడి చేసుకోవచ్చు. పెళ్లయ్యాక దాన్ని మార్చడానికి వీల్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత

1961 వరకట్న నిషేధ చట్టం కట్నం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం చెల్లదంది. కట్నం నిర్వచనం నుంచి మహర్‌ను మినహాయించింది. పుట్టింటివారు ఇచ్చిన స్త్రీధనం అత్తవారింట్లో ఉన్నా అది భార్య సొంతమేనని, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుందని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనోవర్తి హక్కును వదులుకుంటూ భార్య చేసుకున్న రాజీ ప్రజానీతికి విరుద్ధమని 2013లో నాగేంద్రప్ప నాటికర్ కేసులో తీర్పునిచ్చింది.

స్వాతంత్ర్యానికి చాలా ముందే, భార్యాపిల్లల పేరిట భర్త బీమా తీసుకుని ఆ సొమ్మును తన అప్పులవాళ్లకు అందకుండా కాపాడే వీలు 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కల్పించింది. ఈ సౌకర్యం మద్రాసు ప్రెసిడెన్సీలో హిందువులు, ముస్లింలు 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకు వర్తించింది. మిగతా ప్రాంతాలకు 1923లో వచ్చింది.

ప్రస్తుత స్థితి

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయంలో అక్కడి చట్టాలు ఎదురవుతాయి. కాలిఫోర్నియాలో తుది ప్రతి చేతికి వచ్చాక సంతకానికి కనీసం ఏడు రోజుల గడువుండాలి. ఇంగ్లండులో ఇష్టపూర్వకంగా, పర్యవసానాలు తెలిసి చేసుకున్న ఒప్పందానికి, అన్యాయం జరగనంతవరకు విలువ ఇవ్వాలని 2010లో రాడ్‌మాకర్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. మన దేశంలో అటువంటి స్పష్టమైన ప్రమాణం లేదు. ఎవరి ఆస్తి ఎవరిదో చెప్పే పత్రం సాక్ష్యంగా పనికొస్తుంది. మనోవర్తిని, పిల్లల సంరక్షణను మాత్రం ఏ ఒప్పందం ఉన్నా చివరికి కోర్టే తేలుస్తుంది.