భవనం మిగిలింది, కాగితాలెక్కడ?

భవనాల చరిత్ర రాసేవారు కట్టించినవారిని గూర్చి, శిల్పాన్ని గూర్చి రాస్తారు. సంకెళ్లతో లోపలికి నడిచినవారి సంగతి రాయరు. తెలుగు పాఠం చెప్పుకొనే నేను ఈ వ్యాసానికి పూనుకోవడానికి ఆ లోటే కారణం.

న్యూయార్కులో సెంటర్ వీధి 240వ నెంబరు భవనం 1909 నుంచి 1973 వరకు ఆ నగర పోలీసుల ప్రధాన కార్యాలయం. 1898లో అయిదు ప్రాంతాలు కలిసి మహానగరమయ్యాయి. 1905లో దీనికి పునాదిరాయి పడింది. గుమ్మటం, రాతి స్తంభాలు, అయిదు ప్రాంతాలకు గుర్తుగా విగ్రహాలు - చూస్తే రాజప్రాసాదమే. పక్కనే ఇటలీ నుంచి వలసవచ్చిన కూలీల ఇరుకు కొంపలు. తలెత్తి చూసిన పేదవాడికి గుండె జారాలన్నది కూడా ఆ శిల్పంలో భాగమేనని నా అభిప్రాయం.

అక్కడివారు దొంగలనే వెదకలేదు. 1914లో బాంబు దళం ఏర్పడింది. 1917 మార్చిలో, అమెరికా ఇంకా యుద్ధంలో దిగకముందే, బ్రిటిషు గూఢచారులు ఉప్పందించగా ఆ దళం మన చంద్రకాంత చక్రవర్తిని అరెస్టు చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో కుట్రకేసులో గదర్ యోధులతోపాటు ఆయనా ముద్దాయి. తరువాతి తరాల్లో కమ్యూనిస్టుల మీద, నల్లజాతి ఉద్యమకారుల మీద, యుద్ధ వ్యతిరేకుల మీద నిఘా ఫైళ్లు గుట్టలుగా పెరిగాయి. 1970 జూన్ 9న వెదర్‌మన్ దళం ఈ భవనంలోనే బాంబు పేల్చింది. అటువంటి సాహసం నిఘాకు సాకవుతుందే గాని ప్రజలకు బలం కాదు. 1971లో నిఘా బాధితులు కోర్టుకెక్కారు. హ్యాండ్‌షూ కేసుగా పేరుపొందిన ఆ దావాలో 1985 నాటి రాజీ, రాజకీయ నిఘాకు కొన్ని హద్దులు గీసింది.

పోలీసులు 1973లో కొత్త భవనానికి తరలిపోయారు. 1978లో పాతదాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించారు. ఏళ్ల తరబడి పాడుపడి ఉన్న ఆ ప్రాసాదం 1988లో 55 ఖరీదైన ఫ్లాట్లయింది.

రాయిని కాపాడే చట్టముంది, మంచిదే. మరి కాగితాలు? యంగ్ లార్డ్స్ అనే పోర్టోరికన్ యువజన సంఘం మీది ఫైళ్ల కోసం ఒక చరిత్రకారిణి దావా వేస్తే, దొరకలేదని నగర పాలకులు జవాబిచ్చారు. 2016లో క్వీన్స్‌లోని ఒక గోదాములో 520 పెట్టెల పాత నిఘా కాగితాలు బయటపడ్డాయి!

గుమ్మటం అమ్ముడుపోతుంది, పెట్టెలు అమ్ముడుపోవు. అందుకే ఒకటి మెరిసింది, మరొకటి దుమ్ము పట్టింది. ఏ పాత పోలీసు భవనం ముందు నిలబడినా నా విద్యార్థులు ముందుగా ఒక ప్రశ్న వేయాలి: ఇక్కడ ఎవరెవరి పేర్లు రాసుకున్నారు, ఆ కాగితాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి?