కావేరి గడ్డపై తెనుగు పాట

తంజావూరు దేశమన్నంతనే మన బెల్లంపల్లి, మంచిర్యాల ప్రాంతములవారికి స్ఫురించునవి పెద్దగుడి, వీణ, త్యాగయ్యగారి పేరు. ఈ మూడింటిని పెనవేసిన చరిత్ర యెట్టిదో విచారించువారు మాత్రము అరుదు. బొగ్గుగనుల ఊరిలో పుట్టి, ఆ గనివిద్యనే నమ్ముకొని నైవేలి లిగ్నైటు గనులలో జీవనము గడపి, ఉద్యోగము ముగిసిన పిమ్మట కుంభకోణమున స్థిరపడిన నాకు ఈ చోళసీమయే ఇప్పుడు స్వదేశమైనది గనుక, త్యాగయ్యగారిని గూర్చి మనవారు చేయు ప్రసంగములు వినునప్పుడెల్ల ఒక కొరత తోచుచుండును. వారు ఆయనను తెలుగువాడని గర్వింతురు, పరమభక్తుడని నమస్కరింతురు. ఆయన పాటను పెంచిన నేలను గూర్చి, ఆ నేలకు తెలుగు వచ్చిన వైనమును గూర్చి ఒక్క మాటయు చెప్పరు. ఆ మాటలే నేను చెప్పదలచితిని.

మొదట నీటి సంగతి. మనవైపు ఆకాశము కరుణించినగాని చేను పండదు. గోదావరి ప్రక్కనే పారుచున్నను చిరకాలము అది మన పుణ్యస్నానములకే గాని పైరులకు పెద్దగా ఉపకరింపలేదు. ఇచ్చట స్థితి వేరు. శ్రీరంగమునకు పైన కావేరి, కొళ్ళిడము చీలిపోయి, కరికాలచోళుని పేర ప్రసిద్ధమైన కల్లణై ఆనకట్ట వద్ద కావేరి నీరు మరల పంపకమై, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, అరసలారు ఇత్యాది శాఖలుగా ఊరూర ప్రవహించి, కురువై, సాంబా, తాళడి అను వరి పంటలను పండించును. మన రాజమహేంద్రవరము దిగువన గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర తొలుత చేయి తిరిగినది ఈ కొళ్ళిడపు నీటి మీదనే. ఆయన ఇచ్చట కట్టిన ఎగువ ఆనకట్ట 1836 నాటిది. ధవళేశ్వరమున పని మొదలైన 1847లోనే త్యాగయ్యగారు పరమపదించుట కేవలము కాకతాళీయమే గాని, నాకు ఆ సంవత్సరము గుర్తుండుటకు అదియొక ఉపాయము.

ఈ వరి దేశమునకు తెలుగు విజయనగర సామ్రాజ్యము వెంట వచ్చినది. పదునారవ శతాబ్దమున రాయల ప్రతినిధులుగా అధికారము వహించిన చెవ్వప్ప, అచ్యుతప్ప నాయకులును, వారి తరువాత రఘునాథ, విజయరాఘవ నాయకులును తెలుగువారగుటచే, తమిళ ప్రజల నడుమ తెలుగు ఆస్థానభాషయైనది. వారి వెంట సైనికులు, పండితులు, కాపులు, నేతగాండ్రు తరలివచ్చిరి. రఘునాథుని కొలువున చేమకూర వెంకటకవి విజయవిలాసమును రచించెను. విజయరాఘవుని కొలువున క్షేత్రయ్య పదములు పాడెను, రంగాజమ్మ మన్నారుదాస విలాసమను యక్షగానము వ్రాసెను. గోవింద దీక్షితులను కన్నడ మంత్రి కుమారుడు వెంకటమఖి చతుర్దండిప్రకాశికలో డెబ్బదిరెండు మేళకర్తల ప్రస్తారమును నిరూపించినదియు ఆ విజయరాఘవుని కాలముననే. నేటి కచేరీలో రాగములకు చెప్పు జనకజన్య వ్యవస్థకు మూలము ఆ లెక్కయే. 1673లో మధుర నాయకుని సేనలు కోటను పట్టుకొనగా విజయరాఘవుడు యుద్ధమున మడిసెను.

అంతటితో తెలుగుకు కాలము చెల్లవలసినది. రెండు మూడేండ్లకే దేశము శివాజీ సవతి సోదరుడైన ఏకోజీ వశమైనది. రాజకుటుంబపు భాష మరాఠీ, పొలములలోను వీధులలోను పలుకు భాష తమిళము. కాని ఏకోజీ కుమారుడు శహాజీ తిరువారూరు త్యాగేశునిపై పల్లకిసేవా ప్రబంధమును తెలుగుననే రచించెను. ఆ వంశపు ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనమును తెలుగుననే వ్రాసెను. రాజ్యము పోయిన భాషను కొత్త రాజులు పాటకై నిలుపుకొనుట దక్షిణదేశ చరిత్రలో నేనెరిగినంతవరకు ఇంత నిండుగా మరియెచ్చటను జరుగలేదు. పాడుటకు తెలుగే తగినదన్న అలవాటు అప్పటికే ప్రజలలో వేరూనినదని దీనివలన తెలియుచున్నది.

ఇక సంగీతత్రయము. శ్యామశాస్త్రి 1762లోను, త్యాగరాజు 1767లోను, ముత్తుస్వామి దీక్షితులు 1775లోను పుట్టిన ఊరు ఒక్కటే, తిరువారూరు. దీనిని దైవసంకల్పమని పౌరాణికులు వర్ణింతురు. వారిని కాదనను గాని, ఆ కాలము మాత్రము ఏ దేవుడును ఏరి కోరుకొనదగినది కాదు. 1773లో ఆర్కాటు నవాబు ఆంగ్ల కుంఫిణీ సేనల సాయముతో తంజావూరును పట్టుకొని రాజును బంధించెను. మూడేండ్లకుగాని తులజాజీకి రాజ్యము మరల దక్కలేదు. 1781లో హైదరాలి సైన్యము దేశముపై బడి ఊళ్ళు కాల్చి, పశువులను తోలుకొనిపోయి, కాలువగట్లు తెగగొట్టెను. అప్పుడు త్యాగరాజునకు పదునాలుగేండ్లు. కంచి నుండి తరతరములుగా తరలివచ్చుచున్న బంగారు కామాక్షి విగ్రహమును శ్యామశాస్త్రి కుటుంబము తిరువారూరు నుండి తంజావూరు కోటలోనికి చేర్చినది ఆ భయోత్పాత దినములలోనే. మన కీర్తనలలోని శాంతిని వినువారు అది శాంతికాలపు పంట యనుకొందురు. కాదు.

త్యాగరాజు కాకర్లవారి ములకనాటి బ్రాహ్మణ కుటుంబమున రామబ్రహ్మమునకు పుత్రుడై, తిరువయ్యారున పెరిగి, ఆస్థాన విద్వాంసుడైన శొంఠి వేంకటరమణయ్యగారి వద్ద శిక్షణ పొందెను. గురువువలె కొలువున చేరి సుఖపడుట ఆయనకు సులభసాధ్యము. అన్న జపేశుడు కోరినదియు అదే. కాని త్యాగరాజు ఉంఛవృత్తి నవలంబించెను. తంబురా చేతబట్టి, చిడతలు మ్రోగించుచు, హరినామములు పాడుచు వీధివెంట నడచిపోవుచుండగా గృహిణులు వాకిట నిలిచి పాత్రలో పోసిన బియ్యముతోనే ఆ ఇంటి సంసారమును, అచ్చటనే భుజించి పాఠము నేర్చుకొను శిష్యుల పోషణమును జరిగినవి. శరభోజి మహారాజు పంపిన ఆహ్వానమును త్రోసిపుచ్చి కల్యాణి రాగమున కీర్తన పాడెనన్న కథ మనకందరకును తెలిసినదే. ఆ కథ చెప్పువారు ఒక తేదీని మరతురు: 1799లో జరిగిన ఒడంబడికతో దేశపరిపాలన సర్వమును కుంఫిణీవారికి దఖలుపడి, శరభోజికి మిగిలినది కోటయు, భరణమును, బిరుదులును మాత్రమే. త్యాగయ్యగారు నిరాకరించిన ఐశ్వర్యములో ముఖ్యభాగము అప్పటికే దొరల లెక్కల పుస్తకములలో చేరియున్నది. సరస్వతీమహలు గ్రంథాలయమును అంతటి దానిగా తీర్చిన శరభోజి విద్యాభిమానము గొప్పదే. అయినను ఆ కీర్తనలను పోషించినది కొలువు కాదు, కావేరి నీటితో పండి వీధిలో మిగులుబడిన బియ్యము. ఆ వరిని నాటి కోసిన పణ్ణైయాళ్ళకు ఆ అగ్రహారపు వీధిలో అడుగిడు భాగ్యము లేకపోయినదన్న మాటయు గనికార్మికుల ఊరిలో పుట్టిన నేను విడువరాదు.

లభించిన సుమారు 700 కృతులలో హైదరాలి పేరు గాని, కుంఫిణీ పేరు గాని నాకెచ్చటను కానరాలేదు. కాని ఈ సీమ మీది ప్రేమ స్పష్టముగ కానవచ్చును. అసావేరి రాగమున కావేరి ప్రయాణమును, ముఖారిలో పంచనదక్షేత్రమును, చోళదేశమును ఆయన నోరార కీర్తించెను. తెలుగువాడు తమిళసీమను తన సీమగా పొగడిన ఆ రెండు కృతులను మా ఇంట తరచుగా పాడుదురు.

మన జిల్లాలవారు గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. ఇంతదూరమున, అఱవ వాతావరణమున పెరిగిన ఆ మహనీయునకు నిత్యపారాయణ గ్రంథము బమ్మెర పోతన భాగవతము. ప్రహ్లాదభక్తివిజయమను గేయనాటకము దాని ఛాయలోనే పెరిగినది. ఆ నాటకపు పీఠికలో ఆయన భద్రాచల రామదాసును కందపద్యమున స్తుతించెను. ఓరుగంటి వైపు భాగవతమును, తానీషా కాలపు నేలకొండపల్లి గోపన్న యగు ఆ రామదాసు కీర్తనలును కావేరీతీరమునకు చేరుటకు ఈ సీమలోని భజనగోష్ఠులు దారి చూపినవి. కుంభకోణము చెంత మరుదానల్లూరు సద్గురుస్వామి భజనపద్ధతిని క్రోడీకరించినప్పుడు రామదాసు కీర్తనలకు అందు స్థానము లభించినది. త్యాగయ్యగారిని ‘ఆంధ్రుల సొత్తు’ అని కొందరు, ‘తంజావూరు సొత్తు’ అని కొందరు వాదించుట విన్నప్పుడు, ఇరువురి నడుమ తెలంగాణము పేరెత్తువాడొక్కడును లేడే యని నాకు నవ్వు వచ్చును.

శ్యామశాస్త్రిని గూర్చి సంగ్రహముగనే చెప్పెదను. కామాక్షి అర్చకత్వము వలన ఆయనకు జీవనచింత లేదు. రచించినవి కొన్నియే, అవియు మిక్కిలిగా తెలుగున. భైరవి, తోడి, యదుకులకాంభోజి స్వరజతులలోని తాళవైచిత్రి విద్వాంసులకు నేటికిని పరీక్షయే. దీక్షితుల మార్గము సంస్కృతము. ఆయన కుటుంబము చెన్నపట్టణము చెంతనున్న మనలిలో కొన్నియేండ్లు నివసించినప్పుడు కోటలోని ఆంగ్లేయుల బ్యాండుమేళము చెవినిబడగా, ఆ వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి నోట్టుస్వరములు రచించెను; ఆంగ్లరాజు క్షేమము కోరు పాట వరుసకు అంబికాస్తుతి అమరినది అట్లే. తమ్ముడు బాలుస్వామి దొరల వద్ద ఫిడేలు నేర్చుకొనెను. నేడు ప్రక్కన ఫిడేలు లేని గాత్రకచేరీని మనము ఊహింపనైన లేము.

గనిలో బొగ్గు తీసినవాని లెక్క టబ్బులలో కానవచ్చును. పైకప్పు కూలకుండ దుంగలు నిలిపిన టింబర్‌మ్యాన్ పేరు ఎవరును తలపరు. 1855లో మరాఠా వంశమునకు పుత్రసంతతి లేదని కుంఫిణీ ఆ నామమాత్రపు సంస్థానమును కూడ కలుపుకొన్న పిమ్మట, ఈ సంగీతమునకు దుంగలు నిలిపినవారు కొందరు కలరు. త్యాగయ్యగారి శిష్యుడైన వాలాజపేట వేంకటరమణ భాగవతరు సౌరాష్ట్ర నేతకుటుంబమువాడు. గురువుగారి కృతులను స్వరపరచి వ్రాసియుంచుటకు ఆయనయు, ఆయన కుమారుడును పడిన శ్రమ లేనిచో మనకు దక్కిన దానిలో ఎంత మిగిలియుండెడిదో. బాలుస్వామికి దౌహిత్రుడును, దత్తపుత్రుడును అయిన సుబ్బరామ దీక్షితులు సంగీతసంప్రదాయప్రదర్శినిని 1904లో ఎట్టయాపురమున అచ్చొత్తించెను. తమిళదేశపు దక్షిణాగ్రమున వెలువడిన ఆ మహాగ్రంథము తెలుగు భాషలో, తెలుగు లిపిలో ఉన్నది. బెంగుళూరు నాగరత్నమ్మ దేవదాసీ కులమున పుట్టి, ముద్దుపళని కావ్యమును 1910లో పరిష్కరించి ప్రకటింపగా ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ నిషేధము 1947లోగాని తొలగలేదు. ఆమెయే తిరువయ్యారున శిథిలమైయున్న త్యాగయ్యగారి సమాధిస్థలమున 1921లో పునాది వేయించి, పిమ్మట ఆలయప్రతిష్ఠ జరిపించెను. అచ్చట ఏటేట జరుగు త్యాగయ్యగారి ఆరాధనలో స్త్రీలకు పాడు హక్కు లేదని, దానిని జరుపు రెండు పక్షములవారును శఠించినప్పుడు, స్త్రీలచేత వేరుగ ఆరాధన చేయించి తుదకు పక్షములు ఏకమగునట్లు చేసినది ఆమె పట్టుదలయే. 1952లో మరణించిన ఆమె సమాధి త్యాగయ్యగారి సన్నిధికి ఎదురుగనే యున్నది.

ఆ ఆరాధనదినమైన పుష్యబహుళ పంచమినాడు కావేరిగట్టు పందిరిలో గాయకులు వరుసలుగా ఎదురెదురుగ కూర్చుండి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగముల పంచరత్నములను కలిసి పాడుదురు. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. గత సంవత్సరము నా ప్రక్కన కూర్చున్న బాలిక పుస్తకము తమిళ లిపిలో ఉన్నది. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరమగుటచే, అక్షరము మీద 2, 3, 4 అను చిన్న అంకెలు వేసికొని, ఆ అంకెల ననుసరించి ఒత్తులును, సరళములును ఎక్కడను తప్పక పలుకుచుండెను. తెలుగు చదువనేర్చిన నేను వరాళి కృతి రెండవ చరణమునకు వచ్చునప్పటికి మాట తప్పి ఊరకుంటిని. ఆమె పుస్తకము నావైపు జరిపినది గాని, ఆ అక్షరములు నాకు చదువరావు. కీర్తనలు కాపాడిన ఘనత ఎవరిదని నన్నడిగినచో, మాట మనది, కాపుదల వారిది అని నిస్సంకోచముగ చెప్పుదును.

చదువరులకు నా విన్నపము ఒక్కటే. తిరువయ్యారు ఎట్లును చూతురు. తంజావూరునకు చేరువనున్న మెలట్టూరును కూడ చూడుడు. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబములకు దానమిచ్చినదని చెప్పు ఆ గ్రామమున వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములను భాగవతమేళమను పేర ఏటేట ఆడుదురు. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు. వైశాఖమాసమున నృసింహజయంతి సమయమున ప్రహ్లాదచరిత్రము ఉండును. ధర్మపురి నరసింహుని కొలుచు మనవారికి ఆ కథ కొత్త కాదు, ఆ తెలుగు కష్టము కాదు. ప్రేక్షకులలో మాట మాటకు అర్థము తెలిసి వినువారు మాత్రము కొందరే. బెల్లంపల్లి మీదుగ మద్రాసునకు పోవు రైలు ఎక్కి, అచ్చట మారి తంజావూరు చేరుడు. నాటకము రాత్రి పొద్దుపోయినగాని ఆరంభము కాదు, ఆరంభమైనచో తెల్లవారువరకు సాగును. గనుక భోజనము చేసియే వచ్చి కూర్చుండుడు.