హాలీ సిక్కా, కల్దారు, ముడుపు: ఉత్తర తెలంగాణ యాత్రా వ్యయ చరిత్ర

దూరప్రాంతపు యాత్రకు అయ్యే ఖర్చును ముందుగా లెక్కవేసుకోవడం విమానాల కాలంతో మొదలైన అలవాటు కాదు. ఒకప్పుడు ఎల్గందల్ జిల్లాగా ఉండి 1905లో కరీంనగర్ జిల్లాగా మారిన ప్రాంతం నుంచి గానీ, దానికి ఉత్తరాన గోదావరికీ పెన్‌గంగకూ నడుమ విస్తరించిన ఆదిలాబాద్ ప్రాంతం నుంచి గానీ కాశీకో తిరుపతికో బయలుదేరిన కుటుంబం, నిజాం రాజ్యపు పొలిమేర దాటగానే తన చేతిలోని నాణెం విలువ మారిపోవడాన్ని చూసేది. అందువల్ల ఈ ప్రాంతపు యాత్రికులకు ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్న కంటే ముందు, ఏ డబ్బు ఎక్కడిదాకా చెల్లుతుంది, దాన్ని ఎవరు ఏ ధరకు మారుస్తారు అన్న ప్రశ్న ఎదురయ్యేది; ఇక్కడి యాత్రా వ్యయ చరిత్రను భక్తి చరిత్రలో ఒక అధ్యాయంగా కాక, ద్రవ్య చరిత్రలో భాగంగా చదవడమే సమంజసం.

రైలు రాకముందు దక్షిణాది నుంచి కాశీకి పోయే ప్రధాన మార్గాలలో ఒకటి హైదరాబాదు నుంచి ఆర్మూరు మీదుగా వచ్చి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పెన్‌గంగ ఒడ్డుకు చేరి, అక్కడి నుంచి నాగపూరుకు సాగేది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే భాషల నడుమ మధ్యవర్తిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, దాదాపు వందమంది పరివారంతో ఈ బాటనే కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. దారిపొడుగునా ఆయన రాసిపంపిన లేఖలను కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె కూర్చగా 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయింది. ఆ గ్రంథం విలువ వర్ణనలకన్నా వివరాలలో ఎక్కువ: మజిలీకీ మజిలీకీ (ఒకనాటి నడక ముగించి దిగే చోటే మజిలీ) ఎంత దూరం, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్నవి తన తరువాత రాబోయే యాత్రికుడికి అక్కరకు వచ్చేలా ఆయన రాసుకుంటూ పోయాడు.

ఆ కాలపు ఖర్చును నిర్ణయించినవి దూరం కంటే ఎక్కువగా రోజులే. పల్లకీ మోసే బోయీలకు కూలి, వెంట ఉన్నవారికి బత్తెం, ఎడ్లకు మేత అన్నీ రోజు లెక్కన పెరిగేవే గనుక, వానాకాలంలో ఏరు పొంగి ఒక రేవులో నాలుగు రోజులు ఆగవలసి వస్తే ఒక్క కోసు కూడా ముందుకు సాగకుండానే నాలుగు రోజుల ఖర్చు మీద పడేది. సోన్ దగ్గర గోదావరి, ఆదిలాబాద్ ఉత్తరపు అంచున పెన్‌గంగ, ఈ రెండూ అటువంటి రేవులే. స్థోమత ఉన్నవారు కచ్చురంలో, అంటే గూడు కట్టిన ఎడ్లబండిలో, పోయేవారు. లేనివారు అటుకులో సత్తుపిండో మూటగట్టుకొని, తోడు దొరికిన గుంపుతో కలిసి నడిచేవారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెత ఈ కాలానిదే; తిరిగివస్తామన్న నమ్మకం లేక, బయలుదేరేముందు అప్పులు తీర్చి, ఆస్తి ఏర్పాట్లు చేసి పోవడం కూడా యాత్ర సన్నాహంలో ఒక భాగంగా ఉండేది.

డబ్బును ఎలా మోసుకుపోవాలన్నది వేరే చిక్కు. వెండి రూపాయలు బరువైనవి, బాటలో దొంగల భయం ఉన్నది. దీనికి విరుగుడు హుండీ: సాహుకారుకు సొమ్ము కట్టితే, నాగపూరులోనో కాశీలోనో ఉన్న తన భాగస్వామి పేర అతడు రాసి ఇచ్చే చెల్లింపు పత్రం. చూపిన వెంటనే చెల్లించవలసింది దర్శనీ హుండీ. గడువు తీరాక చెల్లించవలసింది ముద్దతీ హుండీ. పత్రం రాసినందుకు సాహుకారు పట్టుకునే తరుగు కూడా యాత్ర ఖర్చులో చేరేది. దీనికితోడు 19వ శతాబ్దపు తొలి సగంలో నిజాం రాజ్యంలోనే ఒక్క నాణెం లేదు. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల వేరువేరు టంకసాలలు నడిచాయి, ఒక చోటి రూపాయిని మరొక చోట నాణేలు మార్చే షరాబు గీసి చూసి, తూచి, వట్టం పట్టుకొని గాని తీసుకునేవాడు కాదు. వట్టం అంటే నాణెపు మార్పిడిపై కోసుకునే తగ్గింపు. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు సంస్కరణలతో ఈ గందరగోళం సద్దుమణిగి, హాలీ సిక్కా రాజ్యమంతటా చెల్లే రూపాయిగా స్థిరపడింది.

గమ్యం చేరాక కూడా ఖర్చు ఆగేది కాదు. ప్రయాగలో, గయలో యాత్రికుల నుంచి ఈస్టిండియా కంపెనీ పన్ను వసూలు చేసేది; ప్రయాగలో కాలినడకన వచ్చినవారికి తలకు 1 రూపాయి, గుర్రాల మీదా పల్లకీల మీదా వచ్చినవారికి అంతకు ఎక్కువ. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన మీద ఆదాయం తీయడమేమిటని మిషనరీలే గట్టిగా అభ్యంతరం చెప్పడం ఈ పన్ను చరిత్రలోని ఒక వింత. 1840లో అది రద్దయింది. పన్ను కాక, పండాలకు దక్షిణలు, శ్రాద్ధకర్మలు, గంగనీళ్ల కావడి, ఇల్లు చేరాక ఊరివారికి పెట్టే కాశీ సమారాధన వరుసగా వచ్చేవి. బంధువులను, ఊరి పెద్దలను పిలిచి పెట్టే ఆ భోజనం పెట్టనిదే యాత్ర పూర్తయినట్టు ఎవరూ ఒప్పుకునేవారు కాదు గనుక, తిరిగివచ్చిన తరువాతి ఖర్చును కూడా బయలుదేరకముందే పక్కన పెట్టుకోవలసి వచ్చేది.

20వ శతాబ్దపు తొలి సగానికి వచ్చేసరికి ఈ లెక్క రెండు రూపాయల నడుమ స్పష్టమైన రూపం తీసుకుంది. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇక్కడివారు కల్దారు అనేవారు. 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా, అంటే స్థూలంగా 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు. తిరుపతి యాత్రకు 100 హాలీ రూపాయలు కూడబెట్టినవాడి చేతిలో ఎల్ల దాటాక నిజంగా మిగిలేది 85 రూపాయల 11 అణాల పైచిలుకు; షరాబు వట్టం పోతే అదీ తక్కువే. 1929 నాటికి కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా బల్లార్షా దాకా రైలుమార్గం పూర్తయి మద్రాసు–ఢిల్లీ దారిలో భాగమైంది. వారాల తరబడి సాగిన నిర్మల్ బాట ప్రయాణాన్ని రైలు రోజులకు కుదించింది గాని, నాణేల చిక్కును తొలగించలేదు. బల్లార్షా మధ్యపరగణాలలోనిది, అక్కడ చెల్లేది కల్దారే. ఇటీవలి కాలపు యాత్రికుడికి ఇటువంటి అనుభవం దక్షిణ అమెరికాలో తటస్థపడింది: అర్జెంటీనా ప్రభుత్వం 2019లో విదేశీ మారకంపై ఆంక్షలను తిరిగి విధించిన తరువాత చాలాకాలం బ్యూనస్ ఏర్స్ నగరంలో డాలరుకు ప్రభుత్వ ధర ఒకటి, వీధిలో పలికే ధర మరొకటి ఉండి, విడిది, భోజనాల ఖర్చు ఏ ధరకు డబ్బు మార్చారన్న దానిమీద ఆధారపడింది. హాలీ–కల్దారు ధర మాత్రం అంత ఒడుదొడుకులు లేనిది. ముందే లెక్క కట్టుకోగలగడం ఆనాటి యాత్రికుడికి దక్కిన సౌకర్యం.

ఇంటి స్థాయిలో ఈ సొమ్మును కూడబెట్టే పద్ధతి ముడుపు. మొక్కుకున్ననాడు పసుపు గుడ్డలో మొదటి నాణెం కట్టి, పంట చేతికి వచ్చినప్పుడల్లా దానికి కలుపుతూ పోతారు. ఆ మూటలోని డబ్బు దేవుడిది గనుక ఇంట్లో ఎంత అవసరం వచ్చినా ముట్టరు. బ్యాంకులు లేని పల్లెలో ఇంతకన్నా కట్టుదిట్టమైన పొదుపు ఖాతా ఉండదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉన్న కుటుంబం కోడెనే ఈ ఖాతాగా పెంచేది. దాన్ని గుడి చుట్టూ తిప్పి కట్టేసే నాటికి అది పెరిగి ఉంటుంది. మేడారం సమ్మక్క–సారలమ్మ జాతరలో లెక్క మరింత విచిత్రమైనది. జగిత్యాల దగ్గరి పొలవాసతో ముడిపడిన గాథ గల ఆ తల్లులకు నిలువెత్తు ‘బంగారం’, అంటే మొక్కుకున్నవారి బరువుకు సరితూగే బెల్లం, సమర్పిస్తారు. ఖర్చు మనిషి బరువును బట్టి, ఆ ఏటి బెల్లం ధరను బట్టి తేలుతుంది. మేడారం పోయేముందు వేములవాడ దర్శనం చేసుకోవడం ఆనవాయితీ గనుక, జాతర ఏడు ఇంటికి రెండు యాత్రల ఖర్చు తెచ్చేది.

నగదు ప్రసక్తి దాదాపు లేని యాత్ర ఆదిలాబాద్ గోండులది. ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు జరిగే నాగోబా జాతరకు ముందు, మెస్రం వంశస్థులు చెప్పులు లేకుండా నడిచి, జన్నారం సమీపంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి జలం ఝారీలో తెస్తారు. దారిలోని గూడేలలో బంధువుల ఆతిథ్యం, ఎడ్లబండ్ల మీద ఇంటినుంచి తెచ్చిన ధాన్యం, సిరికొండ కుమ్మరులు చేసి ఇచ్చే కుండలు, మర్రిచెట్ల కింద విడిది, వంతులవారీగా ఉమ్మడి పొయ్యిల మీద వంట, ఇవన్నీ వంశంలోని బాధ్యతలుగా పంచుకున్నవే. కాశీ యాత్రికుడి భారం ఒక్క ఇంటిమీద పడగా, ఇక్కడ అది వంశమంతటిమీదా పరుచుకుంటుంది. యాత్రకోసం అప్పు చేయవలసిన అవసరం రాకపోవడం ఈ పద్ధతి సాధించిన గొప్ప ఫలితమని చెప్పవచ్చు.

హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక 1950లో భారత రూపాయి ఇక్కడా అదే 7కు 6 లెక్కన చలామణిలోకి వచ్చింది; హాలీ సిక్కా క్రమంగా తప్పుకొని 1959లో చెల్లుబాటు కోల్పోయింది. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో ప్రారంభించిన రోడ్డు రవాణా విభాగం నుంచి ఎదిగిన ఆర్టీసీ, పల్లెల నుంచి జాతరలకు పోయే దారిలో కచ్చురాన్ని పక్కకు నెట్టింది. నాణేల మారకం మాత్రం ఒక తరం గడిచేసరికి మరో దారిలో తిరిగివచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయిన కూలీలకు సెలవు అంటే ఊరికి రావడం. టికెట్టు, విమానం అనుమతించే సామాను బరువు, బంధువులకు తేవలసిన వస్తువులు, ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పుమీద వడ్డీ కలిపి వారు ఆ సెలవు ఖర్చును దిర్హాములలో కూడబెట్టి రూపాయలలో వెచ్చిస్తారు. దుబాయి దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టివేసి ఉన్నది గనుక, జగిత్యాలలో వారి చేతికి అందే రూపాయలెన్నో తేల్చేది రూపాయికీ డాలరుకూ ఆ నెల ఉన్న ధర.