పెద్ద జాతి కుక్కల్లో ఎముక క్యాన్సర్: చికిత్స చరిత్ర

కుక్కల ఎముకల్లో పుట్టే క్యాన్సర్లలో నూటికి 85 దాకా ఆస్టియోసార్కోమాయే. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, రాట్‌వైలర్ వంటి భారీ జాతుల్లో, ఎక్కువగా ఏడేళ్లు దాటాక, కాళ్ల పొడవాటి ఎముకల చివర్లలో వస్తుంది. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో గొర్రెల మందల వెంట తిరిగే నాటు కుక్కలు తేలికపాటివి కనుక వాటికి ముప్పు తక్కువ. పట్టణాల్లో పెంచుకునే రాట్‌వైలర్లు, జర్మన్ షెపర్డ్‌లకే ఎక్కువ.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలు కనుగొనేదాకా బతికున్న కుక్కలో దీన్ని బెణుకు నుంచి వేరుచేసి గుర్తించడం కష్టమే. చెదపట్టిన దూలంలా లోపల తినేసిన ఎముక, దాని పైన సూదుల్లా పొడుచుకొచ్చిన కొత్త ఎముక ఎక్స్‌రేలో కనబడతాయి.

1969లో అమెరికా పశువైద్యులు బ్రోడీ, రైజర్ 194 కేసులను పరిశీలించి ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి పునాది. అప్పట్లో చికిత్సంటే కాలు తీసేయడమే. నొప్పి పోయేది, కుక్క మూడు కాళ్లతో చక్కగా తిరిగేది, ప్రాణం మాత్రం నిలిచేది కాదు. అలా కాలు మాత్రమే తీసిన 162 కుక్కల లెక్క 1992లో వెలువడింది: సగం 19 వారాల్లోపే చనిపోయాయి, ఏడాది దాటినవి 11.5 శాతం. జబ్బు బయటపడేసరికే నూటికి 90 కుక్కల్లో ఎక్స్‌రేకు అందని క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తుల వంటి చోట్లకు చేరి ఉండటమే కారణం.

1980లలో క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ వచ్చాక ఆయుర్దాయం పెరిగింది. అయితే అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కనుక సెలైన్ బాగా ఎక్కించాల్సి వచ్చేది. ఆ బెడద తక్కువున్న కార్బోప్లాటిన్‌ను, కాలు తీశాక, 48 కుక్కలకు ఇచ్చిన ఫలితాలు 1996లో వచ్చాయి: మధ్యస్థ ఆయుర్దాయం 321 రోజులు. 1980లలోనే కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ విత్రో బృందం కాలు తీయకుండా, చెడిన ఎముక స్థానంలో దాత కుక్క ఎముక అమర్చే మెచ్చదగిన పద్ధతిని అభివృద్ధి చేసింది. ఈ శస్త్రచికిత్స చేసిన చోట చీము పట్టిన కుక్కలే ఎక్కువకాలం బతికాయని 2005లో తేలడం ఈ చరిత్రలోకెల్లా వింత. ఇన్‌ఫెక్షన్ రోగనిరోధక శక్తిని మేల్కొలిపి ఉంటుందని ఒక వివరణ. తర్వాత ప్రయత్నించిన వాటిలో సిరోలిమస్ అనే మందు ఆయువు పెంచలేదని 2021లో రుజువైంది.

ఇక మన దగ్గర పశువైద్యం సంగతి: ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి పశువైద్య కళాశాల 1955లో మొదలైంది. 2005లో అక్కడే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. గిద్దలూరుకు దగ్గరిది ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల.

కాలు తీసి కార్బోప్లాటిన్ ఇవ్వడమే నేటికీ ప్రధాన చికిత్స. పెద్ద కుక్క కుంటు రెండు వారాల్లో తగ్గకపోతే మర్దనా, పసరు కట్లు మాని ఎక్స్‌రే తీయించాలి. మనుషుల నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ కుక్కలకు విషం.