పాత తుపాకిని తళతళలాడించకండి

రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం 1875లో వెలసింది. రాజనందగావ్ సంస్థానాధీశుడి పేరు మీద నిలిచిన ఈ మ్యూజియం దేశంలోని పాతవాటిలో ఒకటి. సరిగ్గా ఆ కాలంలోనే తుపాకి రూపం మారిపోతోంది. 1871లో బ్రిటిష్ సైన్యం మార్టిని-హెన్రీని స్వీకరించింది. 1873లో అమెరికాలో వించెస్టర్ కొత్త నమూనా వచ్చింది. రెండూ మీట తుపాకులే. వించెస్టర్ మీటను కిందికి లాగి పైకి మూస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. మార్టినిలో మాత్రం ప్రతి తూటానూ చేత్తో పెట్టాలి.

అంతకు కొన్నేళ్ల ముందు, 1858 జనవరి 18న, ఇదే రాయపూర్ పటాలంలో హనుమాన్ సింగ్ తన పై అధికారి సిడ్‌వెల్‌ను హతమార్చాడు. నాలుగు రోజులకే అతని సహచరులు 17 మందిని ఉరితీశారు. ఇలాంటి తిరుగుబాట్లు చూసిన బ్రిటిష్ వారు ఆ తరవాత దేశీయ సిపాయిలకు తెల్ల సైనికుల కంటే ఒక తరం పాత ఆయుధాన్నే ఇస్తూ వచ్చారు. తెల్లవారి చేతిలో మార్టిని ఉన్నప్పుడు సిపాయి చేతిలో దాని ముందు తరం తుపాకి స్నైడర్ ఉండేది. అందుకే ఒక తుపాకి ఎప్పటిది, ఎవరు వాడారు అన్నది మనకు చరిత్రే. ఆ సంగతి చెప్పేది దాని ఒంటి మీది రంగు, ముద్రలు, అరుగుదల.

ఆ కాలపు తుపాకుల నీలివన్నె పైన పూసిన రంగు కాదు. ఉక్కుకు కావాలనే తుప్పు పట్టించి, నీళ్లలో మరిగించి నల్లబరచి, బ్రష్షుతో రుద్ది, మళ్లీ మళ్లీ అదే చేసేవారు. 1886 నమూనా వించెస్టర్ చట్రాన్ని ఎముకల బొగ్గులో కాల్చి నీళ్లలో ముంచేవారు. నీలం, గోధుమ, గడ్డి రంగులు మబ్బుల్లా అలముకునేవి. 1901 ప్రాంతంలో దాన్ని మాని నీలివన్నెకు మారారు. కనుక ఆ నమూనాలో అంతకు ముందరి తుపాకి చట్రం నిగనిగలాడే నల్లరంగులో కనబడితే అనుమానించాల్సిందే.

పరీక్షించేవారు ముందుగా చేయి తగలని మూలలు చూస్తారు. అసలు రంగు అక్కడే మిగులుతుంది. మోసేటప్పుడు పిడికిలి పట్టే చట్రం అడుగు అరిగి తెల్లబడటం సహజం. అంచులు గుండ్రబడి, ముద్రల గీతలు మసకబారితే సానపట్టారని అర్థం. స్క్రూ గాడి చిట్లితే ఎవరో విప్పారు. ఇనుము కంటే కర్ర పల్లానికి దిగితే దాన్ని గీకి మళ్లీ పాలిష్ చేశారు.

అమెరికా జాతీయ రైఫిల్ సంఘం పురాతన ఆయుధాలకు పెట్టిన కొలమానం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. అసలు రంగు 80 శాతం దాటితే ‘అత్యుత్తమం’, 30 దాటితే ‘శ్రేష్ఠం’. రంగు బొత్తిగా పోయినా భాగాలన్నీ అసలువైతే ‘చాలా బాగుంది’ కిందికే వస్తుంది. శుభ్రం చేసి, కొత్త రంగు వేసినవి దాని కింది మెట్టులో ఉంటాయి.

మనం దసరాకు ఆయుధాలు తోమి పూజ చేస్తాం. భక్తి మంచిదే, తోముడే ప్రమాదం. సానపట్టే రాయి, ఇసుక కాగితం జోలికి పోకుండా మెత్తని గుడ్డతో పల్చగా నూనె రాస్తే చాలు. తాతల నాటి తుపాకి ఇంట్లో ఉంటే లైసెన్సు సంగతి ముందు తేల్చుకోవాలి. బాగుచేసినా పేలని పాత తుపాకులను 1959 ఆయుధాల చట్టం మినహాయిస్తుంది. ఒకసారి గీకేసిన వన్నెను మాత్రం ఏ పనివాడూ తిరిగి తేలేడు. మెరుపు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, సాక్ష్యాన్ని కొనలేం.