వర్షన్ గలోర్
జమైకా డీజే యూ-రాయ్ (ఎవార్ట్ బెక్‌ఫర్డ్, 1942–2021) తొలి ఆల్బమ్. 1970 దశకం తొలినాళ్లలో వెలువడింది; నిర్మాత డ్యూక్ రీడ్. కింగ్ టబ్బీ సౌండ్ సిస్టమ్ దగ్గర మైకు పట్టి, రికార్డు తిరుగుతుండగానే లయకు తగ్గట్టు మాటలల్లి జనాన్ని ఉర్రూతలూగించిన విద్యనే యూ-రాయ్ ఇక్కడ స్టూడియోకి తెచ్చాడు. కొత్త బాణీలు కట్టలేదు. ట్రెజర్ ఐల్ సంస్థ పాత రాక్‌స్టెడీ పాటలనే తీసుకున్నారు. ‘వేర్ యూ టు ద బాల్’లో పారగాన్స్ బృందం గొంతులు అలా వినిపించి ఇలా తప్పుకుంటాయి, ఆ ఖాళీల్లో యూ-రాయ్ కేకలు, చమత్కారాలు, జవాబులు దూసుకొస్తాయి. ఆల్బమ్ ప్రాణమంతా ఆ సంభాషణలోనే ఉంది. డీజే పలుకు కూడా అమ్ముడయ్యే సంగీతమేనని 1970లో అతని సింగిల్స్ జమైకాలో నిరూపించాయి. ర్యాప్‌కు పూర్వరూపాల్లో ఒకటిగా ఈ శైలిని చెబుతారు.